ఆడోళ్లకు నవ్వించడం రాదట!

బీదర్ జిల్లా జనవాడ. చాయ్ సగం గ్లాసు దిగకముందే తీర్పొచ్చేసింది: "ఆడోళ్లకు కామెడీ ఎక్కడొస్తది భాయ్?"

2013లో మొదలైన టీవీ కామెడీ షో 'జబర్దస్త్'లో చీర కట్టి, సవరం పెట్టి, పెళ్లాం వేషంలో తన్నులు తిన్నది ఎక్కువగా మగవాళ్లే. వేషమే ఇవ్వకుండా రాదని తేల్చడం కూడా కామెడీయే లెండి.

పోనీ, నటనకిచ్చే అవార్డుల మాటెత్తితే ఆ భాయ్‌లు ఫోన్‌లో అల్లు అర్జున్ ఫొటో చూపించారు. నిజమే, 'పుష్ప'కు 2023లో ప్రకటించిన జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తెలుగు హీరోకు మొదటిది. అయితే తెలుగు సినిమాలకు ఉత్తమ నటి అవార్డు అప్పటికే నాలుగుసార్లు వచ్చింది: 'నిమజ్జనం' శారద, 'దాసి' అర్చన, 'కర్తవ్యం' విజయశాంతి, 'మహానటి' కీర్తి సురేశ్.

నాలుగు దశాబ్దాలకు పైగా వెనకబాటు! మగాళ్లకేమైనా కోటా అడుగుదామా భాయ్?