థర్మోస్టాటు ప్రయోగవిధి

అమెరికా దేశమున స్థిరపడిన కుమారుని యింటనో కుమార్తె యింటనో ఆరు మాసములు గడపుటకై విమానమెక్కు తల్లిదండ్రులకు, అందును కార్తికము వెళ్లిన పిమ్మట న్యూజెర్సీ, షికాగో ప్రాంతములకు చేరువారికి, వీసా కాగితములను గూర్చియు, మధుమేహపు మాత్రలను గూర్చియు, ఆవకాయ సీసాకు మూత బిగించు నేర్పును గూర్చియు హితము చెప్పువారు ఊరూరను కలరు గాని, ఆ యింటి నడవగోడమీద కంటియెత్తున అమర్చియుండు థర్మోస్టాటను చిన్నపెట్టెను గూర్చి నోరు మెదపువారు లేరు. ఆ కొరత తీర్చుటకే యీ ప్రయోగవిధి. దీని ననుసరించినచో ఇల్లు వెచ్చబడునని నేను పూచీపడజాలను గాని, ఇంట వేడి పుట్టుట మాత్రము తథ్యము.

వేడి ఆ పెట్టెయందే జనించుచున్నదని మొట్టమొదట గాఢముగ విశ్వసింపవలయును. వాస్తవమున నేలమాళిగలోనో అటకమీదనో గ్యాసును దహించు ఫర్నేసు వేరొకటి కలదనియు, గదిలోని గాలి మనము కోరిన అంకెకు దిగువనున్నచో 24 వోల్టుల సన్నని తీగమీదుగా ‘మండు’మని కబురంపుటయు, అంకె అందినంతనే ఆ కబురు మానుటయు తప్ప ఈ పెట్టెకు వేరుపని లేదనియు ఇంజనీర్లు చెప్పుదురు. పూర్వపు పెట్టెలలో రెండు లోహముల నతికి చుట్టిన చుట్ట యొకటి శీతోష్ణములకు ముడుచుకొనుచు విప్పుకొనుచు, గాజుబుడ్డిలోని పాదరసపు బొట్టును అటునిటు దొర్లించి యీ కబురు నడిపెడిది. 1953లో హనీవెల్ కంపెనీవారు హెన్రీ డ్రైఫస్‌చేత రూపకల్పన చేయించి విపణికి తెచ్చిన గుండ్రని పెట్టెయందు జరుగుచుండినది ఇదియే. ఇప్పుడు పాదరసము పోయి తళతళలాడు తెర వచ్చినది, కబురు మారలేదు. అయితే ఇంతవరకు తెలిసికొన్నవారు, సామాన్యమైన ఫర్నేసు 68కైనను 80కైనను ఒక్క వేగముననే మండుననియు, అంకె పెంచినంతమాత్రమున ఇల్లు త్వరగా వెచ్చబడదనియు కూడ ఒప్పుకొనవలసివచ్చును గనుక, తెలియకుండుటయే శ్రేయస్కరము.

ఇక ఆరంభవిధి. తెరమీద 68 అను సంఖ్య కానవచ్చినంతనే, బెజవాడలో 45 డిగ్రీలకే కాకులు రాలుచుండగా ఇచ్చటివారు 68లో ఎట్లు బ్రతుకుచున్నారని విస్తుపోవుట సంప్రదాయము. అవి ఫారన్‌హీటు డిగ్రీలు. 32 తీసివేసి, మిగిలినదానిని 5చే హెచ్చించి 9చే భాగించినచో మన 20 వచ్చును. పెద్దలు ఈ లెక్కను నోటనే కట్టుట గౌరవప్రదము, కాని అది తెమలులోపల అంకెను మరియొకరు మార్చియుందురు. ‘హీట్’, ‘కూల్’, ‘ఆఫ్’ అనువానిలో ‘కూల్’ నెన్నుకొని అంకెను ఎంత పెంచినను ఫర్నేసు ధ్యానమునుండి కదలదు. ‘ఫ్యాన్’ అనుచోట ‘ఆటో’ ఉన్నచో వెంటనే ‘ఆన్’ చేయవలయును: అప్పుడు మంట లేని వేళలందును గొట్టములలోని గాలి చల్లగా పాదములకు తగులుచుండును గనుక, యంత్రము చెడినదని సాధికారముగ ప్రకటింపవచ్చును.

ఈ సాధనము మొదట పుట్టినది మనుష్యుని గదిలోనికి రానీయకుండుటకు. విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరి నార్మల్ స్కూలులో వారెన్ జాన్సన్ అను ఆచార్యుడు పాఠము చెప్పుచుండగా, నౌకరు మాటిమాటికి తలుపు తెరచుకొని వచ్చి వేడిమి చూచుకొని పోవుచుండెడివాడట. ఆ బెడద వదలించుకొనుటకు ఆయన కల్పించిన విద్యుత్సాధనమునకు 1883లో పేటెంటు లభించినది. నాడు ఒక్క నౌకరును గదినుండి తొలగించిన యంత్రము నేడు ఇంటిల్లిపాదిని గోడయొద్దకు రప్పించుచున్నది. 1977 ఫిబ్రవరి 2వ తేదీన అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ఉన్ని కార్డిగను తొడుగుకొని టెలివిజనులో కనబడి, పగలు 65, రాత్రి 55 డిగ్రీలకు థర్మోస్టాట్లను తగ్గించుకొనుడని దేశమును వేడుకొనెను. తాను మాత్రము నిప్పుగూటి ప్రక్కనే కూర్చుండెను. గ్యాసుబిల్లు వచ్చిన సాయంకాలమున మన కుమారుడును ఆ పీఠమునే అధిష్ఠించి, “నాన్నగారూ, స్వెట్టరు వేసుకోండి, బిల్లు చూస్తే గుండె ఆగిపోతుంది” అనును.

అప్పుడు వాదింపరాదు, పెట్టెను తాకనురాదు. ఆఫీసులో కూర్చుండియే ఫోనులో ఇంటి అంకెను చూడగలవాడతడు. మీరు రహస్యముగ పెంచిన రెండు డిగ్రీలు మీరు సోఫాకు చేరులోపలనే దిగిపోవును. ఆదివారమునాడు అతని స్నేహితులు సకుటుంబముగ భోజనమునకు వచ్చు తరుణము చూచుకొని, మంకీక్యాపు చెవులవరకు దించి, శాలువమీద దుప్పటి కప్పి, కాళ్లకు రెండేసి మేజోళ్లు తొడిగి హాలు నడుమ ఆసీనులు కావలయును. అతిథులలో ఒక యిల్లాలు “అంకుల్‌గారికి చలిగా ఉన్నట్టుందే” అని అన్నచాలును. మొగము కందిన కోడలు మారుమాట లేక లేచిపోయి 72 నొక్కును. ఏ కంపెనీ యంత్రమైనను ఈ ప్రయోగమునకు లొంగకుండుట నేనెరుగను.

లోపములును వాని పరిహారములును చెప్పవలసియున్నవి. తెర నల్లబడినచో, పెక్కు పెట్టెలలో బ్యాటరీలు తీరియుండును. టీవీ రిమోటులోనివి తీసి యిందు వేసినచో థర్మోస్టాటు బ్రతుకును, సీరియలు చచ్చును. లోపము యంత్రమునుండి అత్తగారికి సంక్రమించును. ఫర్నేసు మండిన కొంతసేపటికే ఆగిపోవుచున్నచో ఫిల్టరు దుమ్ముతో పూడుకొని, గాలి ఆడక, లోపల వేడి మిక్కుటమై రక్షణపు మీట మంటను ఆర్పుచుండవచ్చును. ఫిల్టరు కంటికి కనబడునది కాదు గనుక దానిని తలపక థర్మోస్టాటునే నిందించుట వాడుక.

అంకె డెబ్బదియైదు చూపుచుండగా పడకగదిలో పండ్లు కొట్టుకొనుచున్నచో, దేవుని మందసమెచ్చట పెట్టిరో చూడవలయును. నడవలో తూర్పు మొగమైన గోడ అదియొక్కటే కావచ్చును. అమ్మగారు ఇత్తడి కుందిలో రెండు వత్తులు వేసి, నూనె పుష్కలముగ పోసి, సరిగా ఆ పెట్టెక్రిందనే వెలిగించియుందురు. ఆ సెగ మూరెడెత్తు లేచి గోడకు మసిచార పెట్టుచు పెట్టెలోని ఉష్ణమాపకమునకు తగులుచుండును. అది లోకమంతయు వెచ్చగ నున్నదని నమ్మి ఫర్నేసుకు కబురంపదు. యంత్రమున దోషము లేదు, భక్తియందును లేదు. ఈ రెండింటిలో ఏది జరుపవలయునని యెవరును పైకి అడుగరు గనుక, మెకానిక్కును పిలుతురు.

అతడు వచ్చిన నాటికి వేరొక లోపము కూడ సిద్ధముగ నుండును. పెక్కిండ్లలో నేలమాళిగ మెట్లపైన ఎర్రరేకు బిగించిన స్విచ్చొకటి యుండును. అది చూచుటకు దీపపు స్విచ్చువలెనే యుండును గాని, ఫర్నేసుకు కరెంటు నాపునది. గది విడుచునప్పుడు కనబడిన ప్రతి స్విచ్చును ఆర్పుట ఆజన్మవ్రతముగా గల మామగారు దానినిమాత్రమేల విడుచుదురు? మెకానిక్కు థర్మోస్టాటును విప్పడు, ఫర్నేసు తలుపు తీయడు. మెట్లయొద్ద నిలిచి ఆ స్విచ్చును పైకెత్తి, వచ్చినందుకు రుసుము పుచ్చుకొని, శుభదినమని పలికి పోవును. అతడు పోయిన పిమ్మట కోడలు ఆ స్విచ్చుమీద తెలుగున ‘దీనిని ముట్టరాదు’ అని వ్రాసిన కాగితమంటింపవలయునని సూచించును. తమ దస్తూరి గుండ్రముగ నుండునని చెప్పి, ఆ పని మామగారే పూనుకొనుట ఉచితము.