ధూమపాక పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

క్రింద చిప్ప బొగ్గు కీల లేక కనల
నడుమ మూకుడుండ నల్ల డబ్బ
మీద బోరగిల్ల మెల్లగాలి విడువ
బొగను బండు జేప పొట్ట నిండ

అవతారిక: అమలాపురం దగ్గర ఒక కొబ్బరితోట. కువైటు నుంచి చుట్టాలు తెచ్చిన మడత గ్రిల్లు ఒకవైపు, ఖాళీ అయిన పదిహేను కిలోల నూనె డబ్బా ఒకవైపు పెట్టుకుని కవి చెప్పిన పద్యమిది. పద్యకర్తనూ టీకాకర్తనూ నేనే కనక కవిహృదయం కోసం ఎక్కడా వెతుక్కోనక్కరలేదు. అభిప్రాయభేదాలు మాత్రం తప్పలేదు.

మూలంలో లేనిదీ, అక్కరలేనిదీ రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెదక్ సీమ కొల్చారం వాడైన ఆ మహానుభావుడికి కాళిదాసు దొరికాడు, ఒట్టు చెల్లింది. ఇక్కడ మూలంలో అసలు వస్తువే లేదు. గ్రిల్లు అన్న మాట పద్యంలో ఎక్కడుందో చూపించండి! 'క్రింద' అన్నచోట దాన్ని అధ్యాహారం చేసుకోవాలి.

ప్రతిపదార్థం: క్రింద = మడత గ్రిల్లు గర్భంలో; చిప్ప బొగ్గు = కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గు; కీల లేక = మంట లేవకుండా; కనల = ఎర్రగా రాజుకొని ఉండగా; నడుమ = బొగ్గుకూ చేపకూ మధ్య; మూకుడు = నీళ్ళు పోసిన మట్టి మూకుడు; ఉండ = అడ్డుగా ఉండగా; నల్ల డబ్బ = కాలి నల్లబడిన నూనె డబ్బా; మీద = ఆపైన; బోరగిల్ల = బోర్లా పడి ఉండగా; మెల్లగాలి = కొద్దిపాటి గాలిని; విడువ = లోపలికి వదలగా; పొగను = పొగలో; చేప = (వివాదాస్పదం); పొట్ట నిండ = (మరీ వివాదాస్పదం); పండు = పక్వమగును. 'బొగను' అచ్చుతప్పు కాదు. ద్రుతం మీద పరుషం సరళమైంది.

తాత్పర్యం: గ్రిల్లు కాళ్ళు విప్పి ఇసుక మీద నిలిపి, రెండు దోసిళ్ళ చిప్ప బొగ్గు రాజేయవలెను. బొగ్గు బూడిద పూత తొడిగాక జాలీ పెట్టి, దాని మీద నీళ్ళ మూకుడుంచవలెను. మూతివైపు రేకు పూర్తిగా కోసేసిన డబ్బాకు, అడుగు దగ్గర ఎదురెదురు గోడల్లో బెజ్జాలు కొట్టి రెండు స్టెయిన్‌లెస్ చువ్వలు దూర్చవలెను. చేపలను మొప్పల్లోంచి చువ్వలకు గుచ్చి, డబ్బాను జాలీ మీద బోర్లించవలెను. డబ్బా అడుగు ఇప్పుడు నెత్తి అయింది కనక అక్కడ రూపాయి బిళ్ళంత కన్నం పొగకు దారి. ఉడికిన చేప మెత్తబడి మూకుట్లోకి జారకుండా తడి అరటినారతో నడుముకు ఒక కట్టు కట్టవలెను. నార కోసం రావులపాలెం అరటి మార్కెట్ దాకా పోనక్కరలేదు, కోనసీమలో ఏ దొడ్డిలో చూసినా అరటి ఉంటుంది.

కీల లేక కనల: ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. తార్కికులు కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేలుస్తారు. కోనసీమలో కొండలు లేవు. ఉదాహరణకు పశువుల సావిడి చాలు: సాయంత్రం దోమలకు కొబ్బరి డొక్క రాజేస్తే పొగ వస్తుంది, దాని అడుగున నిప్పు ఉంటుంది. ఇంతవరకు పేచీ లేదు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా అంటే ఉండదని ఆ తార్కికులే ఒప్పుకున్నారు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు పచ్చికట్టె తోడైతేనే పొగ అన్నారు. పొగపొయ్యి కట్టేవాడికి కావలసిన శాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఉంది. కర్రనూ చిప్పనూ కాల్చి బొగ్గు చేసినప్పుడే పొగనిచ్చే సరుకు చాలావరకు వెళ్ళిపోయింది. అందుచేత చిప్ప బొగ్గు ఆ ఇనుపగుండుకు వేలువిడిచిన మేనమామ. వేడి ఇస్తుంది, పొగ ఇవ్వదు. పొగ కోసం జామకొమ్మ ముక్కో, మామిడి ముక్కో, పిడికెడు డొక్కో విడిగా వేయాలి. వేడి ఒకరి పని, పొగ మరొకరి పని.

ఇచట పూర్వపక్షం: "పచ్చికట్టె అన్నారు కదా, ముక్కలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలా?" అక్కరలేదు. నీరు కర్ర లోపలికి అంతగా దిగదు. దిగినంతమేర ముందు ఆవిరై బొగ్గును చల్లారుస్తుంది, ఆ తెల్లటి ఆవిరిని చూసి మనం పొగ అని మురిసిపోతాం. తర్కంలో పచ్చికట్టె అంటే ఇంకా బొగ్గు కాని కట్టె అని అర్థం చెప్పుకుంటే తార్కికులకూ చేపకూ ఇద్దరికీ క్షేమం.

అలంకారం: కారణం ఉండి కార్యం లేకపోవడం విశేషోక్తి. నిప్పుండి పొగ లేదు కనక బొగ్గుకు విశేషోక్తి. మంట లేకుండానే పొగ కక్కే డొక్కకు విభావన. రెండూ ఒకే కుంపట్లో ఇమిడిన పద్యం ప్రబంధాల్లో నాకు కనబడలేదు.

పాఠాంతరం: కొందరు 'కిరసనాయిలు పోసి' అని చదువుతారు. అది ప్రక్షిప్తం. ఎండు కొబ్బరాకుతో రాజేస్తే సరిపోయేదానికి కిరసనాయిలు పోస్తే ఆ వాసన చేపతోపాటు భోజనానికి వస్తుంది.

నడుమ మూకుడు: దీన్ని పాదపూరణమని కొట్టేయకూడదు. చేప కొవ్వు సూటిగా బొగ్గు మీద పడితే భగ్గుమని మసిపొగ లేస్తుంది. బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు అందులో పుట్టి తిరిగి చేపకే అంటుతాయి. మూకుడు ఆ కొవ్వును పడుతుంది, నేరుగా తగిలే సెగను ఆపుతుంది, నీటి ఆవిరితో చేప ఎండిపోకుండా చూస్తుంది.

నల్ల డబ్బ: 'తెల్ల డబ్బ' అని పాఠాంతరం. 'నడుమ'కు 'తెల్ల'తో యతి చెల్లదు. ఛందస్సు అలా ఉంచి, తెల్లగా మెరిసే జింకు పూత రేకు నిప్పు మీద కాలితే వచ్చే పొగ మనిషికి జ్వరం తెప్పిస్తుంది. నూనె డబ్బా అయినా సరే, పైన అచ్చేసిన రంగుబొమ్మలు పోయేదాకా ఖాళీగా ఒకసారి గట్టిగా కాల్చాలి. అప్పుడు అది నల్లబడుతుంది, యతీ నిలబడుతుంది.

మెల్లగాలి విడువ: ఇందులో కర్త ఎవరు? వండేవాడనుకుంటాడు తనేనని. కాదు, గాలి. గ్రిల్లు పక్క కన్నాలకు రేకుముక్క అడ్డం పెట్టి, దాన్ని వేలెడు ఇటు, వేలెడు అటు జరపడమే వంట మొత్తం. పూర్తిగా తెరిస్తే మంట లేచి చేప కాలుతుంది. పూర్తిగా మూస్తే కట్టె ఊపిరాడక దట్టమైన తెల్లపొగ కక్కుతుంది, చేప చేదెక్కుతుంది. పైకన్నం లోంచి కనీకనబడనంత సన్నటి నీలిపొగ వస్తుంటే అది పాకం. లోపల వేడి 100 నుంచి 120 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండాలి. చేప కండ నడిమధ్యన 63 డిగ్రీలు దాటాలి. ఇంత చిన్న కుంపట్లో వేడి ఇట్టే ఎక్కి ఇట్టే దిగుతుంది కనక పక్కనే కూర్చోవాలి. వసారాలో కాదు, ఆరుబయట. పొగ కనబడని బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, కాబట్టి తార్కికులు కూడా ఊహించలేరు.

మూతపెట్టిన కుంపటికి పరంపర ఉంది. 1952లో అమెరికాలో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన తను పనిచేసే వెబర్ కార్ఖానాలో నీటి మీద తేలే లోహపు బోయాను అడ్డంగా రెండు ముక్కలు చేయించి, కింది ముక్కలో బొగ్గులు పోసి, పైముక్కను మూత చేశాడు. బోయా అంటే ఏమిటో అంతర్వేది పల్లిపాలెం వారికి చెప్పక్కరలేదు. మూత విలువ కోనసీమ మొత్తానికే చెప్పక్కరలేదు. 1995 జనవరి 8న పాసర్లపూడి బావిలో గ్యాస్ అంటుకుంటే ఆ నిప్పుకు మూత వేయడానికి రెండు నెలలు దాటింది.

చేప: సామాన్యపదం, దీన్ని సంకోచపరచాలి. పులసకు ఇక్కడ ప్రవేశం లేదు. వరదనీటికి ఎదురీది వచ్చిన పులసను పులుసు పెట్టకుండా డబ్బాలో వేలాడదీసినవాణ్ణి బంధువులు వెలివేస్తే అడగడానికి లేదు. పండుగప్ప రుచే గానీ డబ్బాలో పట్టదు. కానాగంతలు సరిగ్గా ఒదుగుతాయి, వాటి నూనె పొగను బాగా పట్టుకుంటుంది. లీటరు నీటికి 80 గ్రాముల ఉప్పు కలిపి అందులో గంటసేపు ఉంచి, తీసి, గాలికి ఆరబెట్టాలి. చర్మం వేలికి జిగురుగా తగిలితే పొగకు సిద్ధమైనట్టు. తడి మీద పొగ సరిగా పట్టదు. శాకాహారులు 'చేప' అన్నచోట 'వంకాయ' అని చదువుకుంటే పచ్చడికి పనికొస్తుంది.

ఇది ఎండుచేపలా ఏడాది నిలవ ఉంటుందనుకోకండి. లక్షదీవుల్లో సూరచేపను ఉడికించి, పొగబెట్టి, కర్రలా గట్టిపడేదాకా ఎండబెట్టి మాస్‌మీను చేస్తారు, అది నిలవసరుకు. మనది రెండు మూడు రోజులు, అదీ ఫ్రిజ్‌లో.

పొట్ట నిండ: ఎవరి పొట్ట? చేప పొట్ట అని ఒక మతం. శుభ్రం చేసిన పొట్టను కొబ్బరి ఈనె ముక్కతో ఎడంగా నిలబెట్టకపోతే గోడలు అతుక్కుని లోపల పొగ తగలదు, వెన్నెముక దగ్గర పచ్చిగా మిగులుతుంది. కనక చేప పొట్ట పొగతో నిండవలెనని అర్థం. తినేవాడి పొట్ట అని రెండో మతం. డబ్బాలో పట్టేవి చువ్వకు రెండు చొప్పున నాలుగు కానాగంతలు. సంక్రాంతికి అల్లుళ్ళు దిగిన ఇంట్లో రెండో అర్థం నిలబడదు. నిలబెట్టాలంటే రెండో డబ్బా కావాలి. దాని లక్షణమంతా మొదటి డబ్బాదే, ముందు ఖాళీగా కాల్చడంతో సహా.