బండి గోత్రం ఏది సామీ?

బస్సు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు లోకమంతా ఉన్నారు. ఏ బస్సు వస్తుందని అడిగేవాళ్ళం మాత్రం మద్దికెరలో నలుగురైదుగురమే. ఏ బస్సంటే ఏ ఊరికి పోయే బస్సని కాదు. ఊరిపేరు బోర్డు మీద రాసే ఉంటుంది, అది చదవడానికి పాండిత్యం ఎందుకు? బండి ఏ డిపోది, లేలాండా టాటానా, పుట్టడమే పల్లె వెలుగుగా పుట్టిందా, లేక ఎక్కడో దూరపు రూట్లో గొప్పగా వెలిగి ఒళ్ళు అరిగాక మా వైపు దిగిందా? ఇవీ మాకు కావలసిన సంగతులు. ఊళ్ళోవాళ్ళు దీన్ని పిచ్చి అంటారు. తొలకరి వాన పడగానే పెరవలి చేలల్లో, జొన్నగిరి చేలల్లో నడుములు వంచి వజ్రాలు వెతికేవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనరు. వజ్రం ఎప్పుడో ఎవరికో దొరుకుతుంది. నెంబరు ప్లేటు ప్రతి బండికీ ఉంటుంది. ఎవరిది పిచ్చో మీరే చెప్పండి.

ఈ విద్యకు మా ఊరు భలే అనువైన చోటు. ఒకవైపు పత్తికొండ, ఇంకోవైపు గుంతకల్లు. పత్తికొండ డిపో కర్నూలు లెక్క, గుంతకల్లు డిపో అనంతపురం లెక్క. అంటే రెండు జిల్లాల బండ్లు మా కళ్ళ ముందే తిరుగుతుంటాయి. "గుంతకల్లు పక్కన పుట్టి రైళ్ళ పిచ్చి పట్టాలగానీ బస్సుల పిచ్చేందప్పా?" అని రైల్వేలో పనిచేసే చుట్టాలు ఎగతాళి చేస్తారు. మా ఊరికీ స్టేషనుంది, గుంతకల్లు–డోన్ లైన్లో. కానీ రైలు పట్టాలెటు పోతే అటు పోతుంది. రేపు పొద్దున సర్వీసుకు కొత్త బండి ఇస్తారా, పాతది తోస్తారా అన్న ఉత్కంఠ దానికెక్కడిది?

హైదరాబాదులో ఉండే మా మేనల్లుడిది నగర సంప్రదాయం. 5కె, 8ఎ, 10హెచ్, 127కె, 218 అని అంకెలూ అక్షరాలూ కలిపి సంధ్యావందనంలా అప్పజెబుతాడు. సికింద్రాబాదు నుంచి జూపార్కుకు 7జెడ్ మీద డబుల్ డెక్కర్ నడిచిన రోజుల గురించి, పై అంతస్తులో మొదటి సీట్లో తనే కూర్చున్నట్టు చెబుతాడు. ఆ రోజుల్లో వాడింకా ఉయ్యాల కూడా ఎక్కలేదు. పండక్కి వచ్చినప్పుడల్లా మా మీద జాలిపడతాడు.

"మామా, మా దగ్గర వేల బండ్లు. ఏ రూటుకు ఏ బండి పడిందో రాసుకోనీకి నోట్‌బుక్కులు చాలవు. మీకేముంది ఇక్కడ?"

"రేయ్ అల్లుడా, నీకు వేల బండ్లుండాయి సరే. వాటిలో ఒక్కదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పు సూద్దాం."

వాడు నీళ్ళు నమిలాడు. నగరంలో బండి అంటే నెంబరు. మా దగ్గర బండి అంటే గోత్రం.

గోత్రమంటే మా సంఘంలో ఆచార్యపీఠం కండక్టర్ మామది. రిటైరై చాలా ఏళ్ళయింది. టికెట్లు కొట్టే టిమ్ము యంత్రాలు రాకముందు టికెట్ల ట్రే చంకలో పెట్టుకుని పనిచేసిన మనిషి. ఆనాటి రంగురంగుల కాగితం టికెట్లు ఇప్పటికీ ఆయన ఇంట్లో రబ్బరు బ్యాండు వేసిన కట్టలుగా ఉన్నాయి. మాలో ఎవరికైనా ఒక్కటి ఇవ్వమంటే, ఆస్తిలో వాటా అడిగినట్టు చూస్తాడు.

ఆర్టీసీలో బండికి ఆశ్రమ ధర్మాలు ఉంటాయి. పై తరగతిలో కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని మెల్లగా కింది తరగతికి దించుతారు. ఎక్స్‌ప్రెస్‌గా పరుగులు పెట్టింది ఒకరోజు రంగు మార్చుకుని పల్లె వెలుగై ప్రతి వేపచెట్టు దగ్గరా ఆగడం మొదలుపెడుతుంది. పైకి వేషం మారినా పాత దర్జా ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది, దాన్ని పట్టుకోవడమే మా విద్య. కిటికీ పైన పరదా కడ్డీ బిగించిన మరల రంధ్రాలు. ముందు సీటు వెనకాల నీళ్ళ సీసా పెట్టుకునే వల తెగిపోయి, దాని కొక్కెం ఒక్కటే మిగలడం. ఫుట్‌బోర్డు పక్కన రేకు దగ్గర కండక్టర్ మామ వంగి, బొటనవేలి గోరుతో పైరంగును మెల్లగా గీకి, కింద బయటపడ్డ రంగును కళ్ళజోడు పైకి నెట్టి మరీ చూసి, "ఇది పెద్దింటి బిడ్డప్పా" అంటాడు. అంతే, మేమంతా కాస్త తలలు వంచుతాం. డ్రైవరు మాత్రం "ఆ పెయింటు గీకేదేంది సామీ, నేనేం జెప్పుకోవాల డిపోలో?" అని అరుస్తాడు.

ఇక ఇంటిపేర్ల సంగతి, అంటే నెంబరు ప్లేటు మీది కోడ్‌ల సంగతి. ఏపీ 21 అంటే కర్నూలు, ఏపీ 02 అంటే అనంతపురం. పాత బండ్లలో రంగారెడ్డి జిల్లావాటికి 28, 29 ఉండేవి. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 పెట్టారు. జనానికి సుఖమే, మాకు మాత్రం ఊళ్ళో అందరికీ ఒకే ఇంటిపేరు పెట్టినట్టయింది. పోనీలే, ఆర్టీసీ బండి నెంబరులో ఉండే జెడ్ అన్నా మిగిలింది. ఆ జెడ్ కథ మామ చెబితే వినాలి. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు గుర్తుగా ఆ అక్షరం పెట్టించాడంటారు. ఇందులో తమాషా ఏమిటంటే, వాళ్ళ పూర్వీకుడు 1800లోనే మా ఆదోని, పత్తికొండ సీమలన్నీ కంపెనీవాళ్ళకు రాసిచ్చి చేతులు కడుక్కున్నాడు. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాక వాళ్ళమ్మ పేరులోని అక్షరం బస్సెక్కి మళ్ళీ మా ఊళ్ళకు వచ్చింది. వదిలించుకున్న చుట్టరికాన్ని ఆర్టీసీ కలిపింది.

ఆదోని బస్టాండుకు పోతే మాకు తిరునాళ్ళే. బళ్ళారి నుంచి కేఏ 34, రాయచూరు నుంచి కేఏ 36 వచ్చి ఆగుతాయి. కన్నడ సర్కారు బండ్లకు జెడ్ బదులు ఎఫ్. తమిళులకు ఎన్. కేరళవాళ్ళు ఇంకా ఘనులు, తమ ఆర్టీసీకి కేఎల్ 15 అని ఏకంగా ఒక రిజిస్ట్రేషన్ కోడే కేటాయించుకున్నారు. బస్సు మీద ఏనుగుల బొమ్మ ఉంటుందని దాన్ని 'ఆనవండి' అని ముద్దుగా పిలుస్తారు. లండన్‌లో 2005 డిసెంబరు 9న 159 నెంబరు రూటులో పాత రూట్‌మాస్టర్ బస్సు చివరిసారి రోజువారీ సర్వీసుకు బయలుదేరితే, చూడ్డానికి రోడ్డు పొడుగునా జనం నిలబడ్డారు. ఇక్కడ మేం నలుగురం ఒక బండికి వీడ్కోలు చెబుదామని నిలబడితే, కంట్రోలరు వచ్చి "ఏ ఊరికి పోవాలప్పా?" అన్నాడు. "యాడికీ లేదన్నా, ఊరికే సూస్తాండాం" అన్నాం. ఆయన చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు. ఆయన బాధా న్యాయమైనదే. మేం ఎక్కం, దిగం. మా వల్ల ఏ సర్వీసుకూ ఆక్యుపెన్సీ అర శాతం కూడా పెరగలేదు.

మాలోనూ శాఖాభేదాలున్నాయి. అద్దె బస్సును లెక్కలో చేర్చాలా వద్దా అన్నది ఇప్పటికీ తెగలేదు. బండి ప్రైవేటు, డ్రైవరూ ప్రైవేటు, కండక్టరూ టికెట్టూ ఆర్టీసీవి. దత్తత వచ్చినా వంశమే కదా అని నేనంటాను. "కర్మ చేయొచ్చు, ప్రవర చెప్పనీకి లేదు" అని మామ తీర్పు. దసరా రోజు ఊరు ఊరంతా గుర్రాల పందెం చూడ్డానికి ఎగబడుతుంది. పెద్దనగరి, చిన్ననగరి, వేమననగరి కుటుంబాలవాళ్ళు బొజ్జనాయునిపేట భోగేశ్వరస్వామి గుడి నుంచి గుర్రాలను దూకిస్తూ వస్తుంటే, మావాడొకడు దుమ్ములో నిలబడి గుర్రాలకు వీపు చూపించి, బందోబస్తుకొచ్చిన పోలీసు బస్సు నెంబరు రాసుకుంటున్నాడు. "ఇట్లాంటి బాడీ మన పక్కకు ఎప్పుడూ రాలేదన్నా" అన్నాడు. గుర్రం తోక తగిలి టోపీ పోయింది, నెంబరు మాత్రం పోలేదు.

ఇంతకాలం ఈ జ్ఞానమంతా మా గుప్పిట్లో ఉండేది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చింది, గుప్పిట విప్పేసింది. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బు లేదు. అల్ట్రా డీలక్స్ మొదలుకొని పైవాటికి డబ్బు పెట్టాల్సిందే. దాంతో మేం ఏళ్ళు పోసి నేర్చుకున్న వర్గీకరణ శాస్త్రం రాష్ట్రంలోని ఆడవాళ్ళందరికీ ఒక్క వారంలో వచ్చేసింది. మలుపులో లైటు కనిపించగానే "ఎక్స్‌ప్రెస్సే, లేవండి" అని గంపలెత్తుతున్నారు. మాకు అద్దం మీద అక్షరాలు కనిపిస్తేగానీ తేలదు.

మొన్న మా చిన్నమ్మను తీసుకుని చీరల కోసం ఆదోనికి పోయాను. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో ఎదురుగా ఉన్న బస్సు వైపు నడవబోతే చెయ్యి పట్టుకుని లాగింది.

"అది అల్ట్రా డీలక్సురా. పక్కది కన్నడోళ్ళది, వాళ్ళ శక్తి పథకం వాళ్ళ ఆడోళ్ళకే, మనకు పనికిరాదు. ఆ మూలనుండేది ఎక్స్‌ప్రెస్సు, పదా."

ఎక్కి కూర్చున్నాక సీటు మీద రెండుసార్లు అదిమి చూసింది. "ఇది ముందు ఏదో పెద్ద బస్సయ్యుంటాదిరా. సీటు సూడు, ఎంత మెత్తగుండాదో. ఎక్స్‌ప్రెస్సులకు ఇట్లుండదు."

నాకు వెంటనే కండక్టర్ మామకు ఫోను చేయాలనిపించింది. సంఘంలో ఒక స్థానం ఖాళీగా ఉంది.

కండక్టరు వచ్చాడు. చిన్నమ్మ ఆధార్ కార్డు చూపించింది, సున్నా అని అచ్చు పడిన టికెట్టు చేతికొచ్చింది. నేను డబ్బులిచ్చి నాది తీసుకున్నాను. బస్సు బయలుదేరింది. ఆదోని స్టేజీ, ఎక్స్‌ప్రెస్ తరగతి, సున్నా టికెట్టు. ఇది మాలో ఎవరి దగ్గరా లేదు. మామ కట్టల్లోనూ లేదు. ఆస్పరి దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక మెల్లగా అడిగాను.

"చిన్నమ్మా, దిగినాక ఆ టికెట్టు నాకిస్తావా?"

నన్ను కిందికీ మీదికీ చూసి, టికెట్టును నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"ఊరికే ఎట్లిస్తార్రా? ఇరవై రూపాయలియ్యి."