షడ్జం బాసువాడు చూసుకుంటాడు

మా తోడల్లుడు వృత్తిరీత్యా ఆడిటర్. లెక్కలో రూపాయి తేడా వస్తే అన్నం సయించని మనిషి. అలాంటివాడు గిటారు ఒళ్లోకి తీసుకున్నాడంటే మాత్రం ఉండాల్సిన స్వరాలు మాయమైపోతాయి, ఎవరూ అడగని స్వరాలు వచ్చి చేరతాయి. ఇదేమిటయ్యా అంటే హార్మనీ అంటాడు. ఇదే పని వాళ్ల క్లయింటు చేస్తే మరో పేరు పెట్టి నోటీసు ఇప్పిస్తాడు.

ఈ రకం మనుషులు మీకూ తెలిసే ఉంటారు. కాలేజీ హాస్టల్లో గిటారు పట్టిన కుర్రాళ్లలో చాలామంది జీ, సీ, డీ అనే మూడు కార్డులతో నాలుగేళ్లు గడిపి, పెళ్లయ్యాక దాన్ని అటకెక్కిస్తారు. కొందరు చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో కుదురుకుని పదిమందికీ పనికొచ్చేలా వాయిస్తారు. వీళ్లెవరితోనూ పేచీ లేదు. మూడో రకం వాళ్లే ప్రమాదం. నలభై దాటాక అటక మీది గిటారు దించి, దుమ్ము దులిపి, కొత్త తీగలు వేయించి, ఏదో ఒక రాత్రి ఫోన్లో పాఠం చూస్తూ మేజర్ సెవెన్త్ అనేదాన్ని కనుక్కుంటారు. ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో మామూలు పాటన్నది వినబడదు.

మేజర్ కార్డంటే స, గ, ప. దానికి కాకలి నిషాదం కలిపితే మేజర్ సెవెన్త్. ఆ నిషాదం పై షడ్జాన్ని అందుకోబోయి అర స్వరం కింద ఆగిపోతుంది. ఆ ఆగడంలో కాస్త దిగులూ కాస్త దర్జా ఉన్నాయి, కాదనను. మొదటిసారి వినిపించినప్పుడు నాకూ బాగానే ఉంది. ఆ ముక్క పైకి అనేశాను. అక్కడితో నేను రసజ్ఞుల జాబితాలో పడ్డాను. తర్వాతి ఆదివారం నైన్త్ వచ్చింది. సంక్రాంతికి మా అత్తవారింట్లో, రాజమండ్రిలో కలిసేసరికి థర్టీన్త్ దాకా వెళ్లిపోయాడు.

"థర్టీన్త్ అంటే ఏమిటయ్యా?"

"షడ్జం నుంచి ఒకటి విడిచి ఒకటి పేర్చుకుంటూ పోతే రెండో స్థాయి ధైవతం దాకా మొత్తం ఏడు స్వరాలొస్తాయి అన్నయ్యా."

"గిటారుకి తీగలు ఆరే కదా?"

"అందుకే పంచమం తీసేస్తాం. మధ్యమం కూడా. అది గాంధారంతో పడదు."

"మరి షడ్జం కూడా వినబడలేదే?"

"అది బాసువాడు చూసుకుంటాడు."

నేను హాలంతా కలియజూశాను. ఉన్నది మేమిద్దరం, పేపరు చదువుకుంటున్న మావగారు. ఆయనకి ఆ లక్షణాలేమీ లేవు.

"ఏ బాసువాడు?"

"ఉన్నాడనుకుని వినాలి."

న్యాయంగా చెప్పాలంటే ఇది అతను పుట్టించింది కాదు. జాజ్ బృందంలో కింది స్వరం మోయడానికి బాసు వాద్యగాడు నిజంగానే ఉంటాడు. గిటారు అతను కార్డు స్వభావం తెలిపే గాంధారాన్నీ నిషాదాన్నీ పట్టుకుని మిగతావి వదిలేస్తే ఎవరికీ అడ్డుండదు. కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో ఫ్రెడ్డీ గ్రీన్ అని ఒకాయన 1937లో చేరి 1987లో పోయేదాకా ఈ పనే చేశాడు. సోలో వాయించడం దాదాపు లేదు. కార్డుకి రెండు మూడు స్వరాలు, ఒక్కోసారి గట్టిగా వినబడేది ఒక్కటే. బాకాలన్నీ మోగుతుంటే లయని భుజాన వేసుకుని వెనకాల కూర్చున్నాడు. మా వాడికి ఆయనంటే ప్రాణం, ఫోను తెరిస్తే ఆయన బొమ్మే. భక్తి అంతా ఆయన మీద, ఆచరణ మాత్రం పూర్తిగా ఎదురు దారిలో. జాంగో రైన్‌హార్ట్ అయితే 1928లో బండి తగలబడి ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతింటే, మిగిలిన రెండింటితోనే సోలోలు వాయించి యూరప్‌ని ఊపేశాడు. మా వాడికి వేళ్లన్నీ భేషుగ్గా ఉన్నాయి, అన్నింటికీ పని కల్పించాలన్న తాపత్రయమూ ఉంది.

మా చిన్నదాని పుట్టినరోజు నాటి సంగతి చెబుతాను. పుట్టినరోజు పాట ఎలాంటిదో మీకు తెలుసు. నాలుగు పాదాలు, మూడు కార్డులు సరిపోతాయి, వాయించేవాడు లేకపోయినా నడుస్తుంది. మా వాడు మొదటి పాదంలోనే ఆరు పెట్టాడు. మేం పాదం పూర్తిచేసి ఊపిరి పీల్చుకునేసరికి అతనింకా రెండో మాట దగ్గర ఏడో ఫ్రెట్టు కోసం వెతుక్కుంటున్నాడు. సరే, ఆగాం. జీ సెవెన్త్ రావాల్సిన చోట డీ ఫ్లాట్ సెవెన్త్ వేశాడు. రెండింట్లోనూ ఎఫ్, బీ స్వరాలు ఉంటాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి వాడొచ్చని జాజ్ వాళ్ల శాస్త్రం. శాస్త్రం ఒప్పుకుంది కానీ మా మావగారి గొంతు ఒప్పుకోలేదు. ఆయన సగం పాదంలో దారి తప్పి వేరే శ్రుతిలో తేలారు. కొవ్వొత్తుల మైనం కారి కేకు మీది అక్షరాల్లోకి దిగింది. చిన్నది ఇక లాభం లేదని ఊదేసింది. "అల్లుడుగారూ, ఒక్కసారి మామూలుగా వాయించరూ" అన్నారు మావగారు, అల్లుడి మర్యాదకి లోటు రాకుండా. మామూలుగా అన్న మాట విన్నప్పుడు మా వాడి మొహం చూడాలి. ఐదు నిమిషాలు గిటారు శ్రుతి చేసుకుంటూ కూర్చున్నాడు.

ఇదంతా కార్డుల కాండ. అసలు ఉపద్రవం పెంటటానిక్ స్కేలుతో వచ్చింది. ఐదు స్వరాల ఆ స్కేలు మన మోహన రాగం స్వరాలేనని అతనికి ఎక్కడో తెలిసింది. అమెరికా కనుక్కున్నవాడి ఉత్సాహంతో పెద్దత్తయ్యగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ మా అత్తగారి అక్క. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, ముప్పయ్యేళ్ల పాటు వీధిలోని ఆడపిల్లలందరికీ గీతాలూ వర్ణాలూ నేర్పిన మనిషి. మోహన గురించి ఆవిడకి కబురు మోయడం అవసరమా అని అతనికి తట్టలేదు. మాయాబజార్‌లో లాహిరి పాట మోహనే కదా అత్తయ్యగారూ అన్నాడు. అవును నాయనా అందావిడ. ఇవే స్వరాల్లో రిషభాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి, గాంధారం నుంచి హిందోళం, పంచమం నుంచి శుద్ధ సావేరి, ధైవతం నుంచి శుద్ధ ధన్యాసి అని ఐదూ వాయించి చూపించాడు. గిటారువాళ్లు మైనర్ పెంటటానిక్ అంటూ బ్లూస్‌లో పొద్దస్తమానం తిరిగేది ఈ చివరి దాని స్వరాల మీదే అని కూడా సెలవిచ్చాడు. గ్రహభేదం అంటారు నాయనా దాన్ని అందావిడ శాంతంగా. కచేరీలో చివర, దోషపరిహారంగా పాడే మధ్యమావతిని ఇతను రెండోదిగా ముగించేశాడు. పరిహారం అవసరమైన దోషాలన్నీ ఆ తర్వాతే జరిగాయి.

సరిగపద, పదసరిగ అని మూడు స్థాయిల్లో, వేగం పెంచుతూ, పైకీ కిందికీ పావుగంట వాయించాడు. చెమట తుడుచుకుని ఆవిడ వంక చూశాడు.

"మెట్లు బాగానే ఎక్కి దిగుతున్నావు నాయనా. గుళ్లోకి ఎప్పుడెళతావు?"

గమకం లేదని ఆవిడ ఫిర్యాదు. ఫ్రెట్లున్న వాద్యం మీద గమకం కష్టమని ఇతని జవాబు. పాలకొల్లు నుంచి వచ్చిన శ్రీనివాస్ మాండొలిన్‌కి ఫ్రెట్లు లేవా అని ఆవిడ ఎదురు ప్రశ్న. ఆ శ్రీనివాస్‌తో రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు వాయించాడు కదా అని ఇతను పుంజుకున్నాడు. వెంటనే, అసలు శక్తి రోజుల్లో తీగని బాగా లాగడానికి వీలుగా మెక్‌లాఫ్లిన్ ఫ్రెట్ల మధ్య కొయ్యని గుంటగా చెక్కించుకున్నాడని గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మా మరదలు ఇంట్లోని ఆకురాయి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచింది.

అయినా పెద్దత్తయ్యగారు పెద్ద మనసు చేసుకుని, నేను గీతం పాడతాను, నువ్వు వెనకాల వాయించు అంది. సంగీతం నేర్చుకునే పిల్లలు తొలినాళ్లలో పాడే మోహన గీతమే. నాలుగో ఆవర్తంలో ఆగిపోయింది.

"మోహనలో నిషాదం ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా?"

"అది పాటలో కాదు అత్తయ్యగారూ, వెనకాల కార్డులో ఉంది. మేజర్ సెవెన్త్."

"వీధి గుమ్మంలోంచి రానివ్వనిదాన్ని పెరటి గుమ్మంలోంచి రానిస్తామా?"

ఇక్కడే మా వాడి మీద నాకు గౌరవం పుట్టింది. ఇంకొకడైతే అలిగేవాడు, లేదా మీకు జాజ్ తెలియదనేవాడు. ఇతను ఆడిటర్ కదా, అభ్యంతరాన్ని రాసుకుని తీసుకెళ్లాడు. హైదరాబాద్‌లో వాళ్లింట్లో రాత్రిళ్లు తలుపేసుకుని కూర్చున్నాడు. మేజర్ సెవెన్త్ తీసేసి సిక్స్ నైన్ అనే కార్డు పెట్టాడు. స, గ, ప, ద, రి. లెక్కేస్తే సరిగ్గా మోహన స్వరాలు ఐదూ, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నిండుగానూ ఉంటుంది, రాగం పరువూ పోదు. ఉగాదికి వచ్చినప్పుడు ఆవిడ మళ్లీ పాడింది. ఇతను ఒక్కో ఆవర్తానికి రెండు మూడు చోట్ల మెల్లిగా తాకి ఊరుకున్నాడు. ఆవిడ గీతం అయ్యాక ఆగకుండా వర్ణం ఎత్తుకుంది, ఆ పైన త్యాగరాజ కీర్తన. హాల్లో ఎవరూ కదల్లేదు. నేను మా వాడి వంక చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు, ఎప్పుడూ మూసుకునే తరహాలో కాదు.

పాట అయ్యాక ఆవిడ నీళ్లు తాగి అడిగింది. "ఏం నాయనా, ఇవాళ గిటారు వాయించలేదేం?"

ఫ్రెడ్డీ గ్రీన్‌కైతే అది పద్మభూషణంతో సమానం. మా వాడు రెండు పూటలు సరిగ్గా మాట్లాడలేదు.

అతని మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఒకసారి ఇళయరాజా పాట ఒకటి పెట్టి, గొంతు వదిలేసి కింద బాసు ఎక్కడికి పోతోందో వినమన్నాడు. ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు సలీల్ చౌదరి దగ్గర గిటారు వాయించినవాడు, అందుకే ఆ కింది స్వరాలు అలా నడుస్తాయి అన్నాడు. విన్నాను. అంతే, అప్పటి నుంచి బస్సులో ఎఫ్ఎం మోగుతుంటే నాకు బాలు పాడుతున్నది వినబడదు. చరణంలో కార్డు మారే చోటు కోసం చెవి రిక్కించుకుని కూర్చుంటాను. జానకి ప్రాణం పెట్టి పాడుతుంటే నేను నైన్త్ వెతుక్కుంటున్నాను. పక్క సీటాయనకి చెప్పబోయి తమాయించుకున్నాను కూడా. హాయిగా పాట విని కూనిరాగం తీసుకునేవాణ్ణి ఇలా తయారుచేసినందుకు ఇతన్ని ఏం చేసినా పాపం లేదు.

మొన్న వేసవి సెలవుల్లో అందరం మళ్లీ రాజమండ్రిలో చేరాం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మా వాడు పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నాడు. మంచం మీద పడి ఉన్న గిటారుని మా చిన్నది దగ్గరికి లాక్కుంది. మెడ మీద వేలైనా వెయ్యకుండా, లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఒక్కొక్కటే మీటింది. ఈ, ఏ, డీ, జీ, బీ, మళ్లీ ఈ. వంటింట్లోంచి పెద్దత్తయ్యగారు దానికి శ్రుతి కలిపి శుద్ధ ధన్యాసి అందుకుంది. నిజమే. గిటారు ఖాళీ తీగలు ఆరింట్లోనూ ఉన్నవి సరిగ్గా ఐదే స్వరాలు. కింది ఈ తీగని షడ్జమనుకుంటే శుద్ధ ధన్యాసి, జీ తీగని అనుకుంటే మోహన. తయారుచేసినవాళ్లే పెట్టి పంపారు. చిన్నది మళ్లీ మీటింది, ఆవిడ మళ్లీ పాడింది.

మా వాడు తడి చేతులతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏం వాయించావో తెలుసుటే? ఈ మైనర్ ఇలెవెన్త్!"

"నేనేం పట్టుకోలేదు బాబాయ్, ఊరికే గోకానంతే."

"అదే చెబుతున్నా! ఇది బ్రహ్మాండంగా ఉంది. దీన్ని ఒక్కచోట కొంచెం మారిస్తే..." అని గిటారు చేతిలోకి తీసుకున్నాడు.

కొంచెం మార్చాడు. పెద్దత్తయ్యగారు పాట ఆపి, మిక్సీ వేసింది.