సెల్ఫ్ తీసుకోని కారు: ఒక తార్కిక విచారణ

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ యథార్థ జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు సాధనాలను చెబుతుంది; వాటినే ప్రమాణాలంటారు. ఆ గ్రంథకర్తకు మోటారు వాహనాలతో పరిచయం ఉండే అవకాశం లేకపోయినా, ఆఫీసు వేళకు అపార్ట్‌మెంటు సెల్లారులో మొరాయించిన కారు చుట్టూ చేరే జనం ఈ నాలుగింటినీ తప్పక వినియోగిస్తారు, కాకపోతే తలకిందుల వరుసలో. బోనెట్ ఇంకా తెరవకముందే శబ్ద ప్రమాణం, అంటే నమ్మదగినవాడి మాట, వినవస్తుంది: “బ్యాటరీ పోయిందండీ, మార్చేయండి.” వెనువెంటనే ఉపమానం: “మా బావమరిది కారుకూ అచ్చం ఇలాగే అయితే చివరికి ఇంజను దింపాల్సొచ్చింది.” శాస్త్రంలో ఉపమానమంటే ఆవును పోలిన గవయమనే జంతువు అడవిలో ఉంటుందని విన్నవాడు, అది ఎదురైనప్పుడు ఆ పోలికను బట్టి గుర్తుపట్టడం; సెల్లారులో మాత్రం రెండు బళ్లకూ నాలుగేసి చక్రాలుంటే ఆ పోలిక సరిపోతుంది. ఇక ప్రత్యక్షం, అంటే స్వయంగా చూడటం, వినడం, అందరూ మాట్లాడి అలసిపోయి మెకానిక్ వచ్చాక గాని మొదలు కాదు.

నిజానికి కారు తన రోగాన్ని దాచుకునే రకం కాదు. తాళం తిప్పినా ఇంజను కదలకపోవడం ఒక రోగమైతే, ఇంజను గిరగిరా తిరుగుతూ కూడా అంటుకోకపోవడం పూర్తిగా వేరే రోగం. మొదటిది కరెంటుకు, స్టార్టరుకు సంబంధించినది కాగా, రెండవది ఇంధనానికో నిప్పురవ్వకో సంబంధించినది. ఈ తేడా గమనించకపోవడం వల్లనే, బ్యాటరీ తన పని నిక్షేపంగా చేస్తున్న కార్లకు కూడా కొత్త బ్యాటరీలు వచ్చి చేరుతుంటాయి.

తాళం తిప్పగానే ఇంజనును తిప్పే చిన్న విద్యుత్ మోటారునే జనం ‘సెల్ఫ్’ అంటారు. అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ ఏర్పాటు 1912 నాటి కాడిలాక్ కార్లతో ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు ఇనుప హ్యాండిలు చేతపట్టి ఇంజనును తిప్పేవారు, అది ఎదురు తిరిగినప్పుడు మణికట్టు విరగ్గొట్టుకునేవారు. అంబాసిడర్ వంటి కార్లకు సెల్ఫ్‌తో పాటు ఆ హ్యాండిలు కూడా చాలాకాలం తోడుగా ఉండటం వల్ల బ్యాటరీ అలిగినా బండి కదిలేది. నేటి కారుకు ఆ హ్యాండిలూ లేదు, దాన్ని దూర్చే రంధ్రమూ లేదు, తోసే బంధువులు మాత్రమే మిగిలారు.

పరీక్షకు కావలసిన మొదటి పరికరం కారులోనే ఉంది, అది హెడ్‌లైటు. లైట్లు వేసి, ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు కారు ముందు నిలబడి వాటిని చూడాలి. తాళం తిప్పినప్పుడు లైట్లు కాంతి తగ్గకుండా వెలుగుతూ, ఏ చప్పుడూ రాకపోతే, కరెంటు స్టార్టరు దాకా చేరడం లేదని అర్థం. లైట్లు వెలుగుతూనే ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంటే, స్టార్టరుకు కరెంటును కలిపే అయస్కాంత మీట, అంటే సొలెనాయిడ్, కదిలినా మోటారు తిరగడం లేదన్నమాట, లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయిన సందర్భాల్లో స్టార్టరును స్పానరుతో నెమ్మదిగా తడితే అది ఒకటి రెండుసార్లు పనిచేస్తుంది గనుక, అలా తట్టినవాడికి ఆ పూటకు సెల్లారులో గొప్ప గౌరవం దక్కుతుంది. లైట్లు మసకబారుతూ ‘టకటకటక’మని వరుసగా కొట్టుకుంటే వోల్టేజీ కూలిపోతోందని గ్రహించాలి: సొలెనాయిడ్ అతుక్కోగానే మోటారు భారీగా కరెంటు లాగడం, దానితో వోల్టేజీ పడిపోయి సొలెనాయిడ్ విడిపోవడం, భారం తగ్గగానే మళ్లీ అతుక్కోవడం, ఇదే ఆ తాళానికి కారణం.

సరిగ్గా ఇక్కడే పండితులు కూడా బోల్తాపడతారు. లైట్లు మసకబారాయి కాబట్టి బ్యాటరీ చచ్చింది అన్న అనుమానంలో, అంటే గుర్తును బట్టి చేసే నిర్ధారణలో, తర్కశాస్త్రం సవ్యభిచారమని పేరు పెట్టిన దోషం ఉంది. నిరూపించదలచిన విషయం లేనిచోట కూడా కనిపించే కారణాన్ని పట్టుకుని తీర్పు చెప్పడమే ఆ దోషం. బ్యాటరీ నిండుగా ఉండి, దాని టెర్మినల్ వదులైనా లైట్లు అలాగే మసకబారతాయి. లెక్క చూస్తే విషయం తేటపడుతుంది: స్టార్టరు 150 ఆంపియర్లు లాగుతోందని, తుప్పు పట్టిన టెర్మినల్ వద్ద 0.02 ఓముల నిరోధం ఉందని అనుకుంటే, ఆ ఒక్కచోటే 3 వోల్టులు ఆవిరైపోతాయి. 55 వాట్ల హెడ్‌లైటు బల్బు 5 ఆంపియర్లయినా లాగదు గనుక, సెల్ఫ్ కొట్టనప్పుడు అదే టెర్మినల్ మీదుగా దానికి పోయే నష్టం వోల్టులో పదో వంతు మాత్రమే. అందుకే “హారన్ మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, కరెంటు బ్రహ్మాండంగా ఉంది” అనే వాదన వినసొంపుగా ఉంటుందే తప్ప సెల్ఫ్‌కు వర్తించదు.

సందేహం తీరాలంటే మల్టీమీటరు కావాలి. రాత్రంతా నిలిపి ఉంచిన కారు బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపుతుంది, 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగజారితే దాని ఆరోగ్యాన్ని శంకించవచ్చు. మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు కొమ్ము మీద, రెండవ కొనను దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఆనించి తాళం తిప్పించినప్పుడు సున్నాకు దగ్గరగా రావలసిన అంకె అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. అక్కడ పేరుకున్న తెల్లని, పచ్చని పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోతుంది. విప్పేటప్పుడు నెగిటివ్‌ను ముందు విప్పి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి.

చప్పుడే లేని కేసుల్లో పెద్ద అనుమానాలకు పోకముందు పాదాల వైపు చూడటం మంచిది. నేటి చాలా కార్లు క్లచ్ పూర్తిగా తొక్కనిదే సెల్ఫ్ తీసుకోవు; ముచ్చటపడి వేయించుకున్న మందపాటి మ్యాటు పెడల్ కింద ముడుచుకుని క్లచ్‌ను అంగుళం దూరంలో ఆపేస్తే, ఫ్యూజులన్నీ విప్పి చూసినా ఏమీ కనబడదు. ఆటోమేటిక్ అయితే గేరు పి లేదా ఎన్‌లో ఉండాలి. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో చేతిలోని తాళపు సెల్ అయిపోతే కారు యజమానిని గుర్తుపట్టడం మానేస్తుంది; చాలా మోడళ్లలో ఆ తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే మళ్లీ గుర్తుపడుతుంది.

ఇంజను తిరుగుతూ అంటుకోని కారులో మొదట చూడవలసింది పెట్రోలు ముల్లు. ఇది చెప్పడం అవమానకరంగా తోచినా అన్నిటికంటే చివర చూసేది దాన్నే. ఆ తరువాత తాళం ఆన్ చేయగానే వెనుక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు ఇంధన పంపు జుమ్మనాలి, డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు ఆరిపోవాలి. ఇంజను ఎన్నడూ లేనంత తేలికగా, వేగంగా తిరుగుతుంటే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు గనుక అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవడమే క్షేమం. ఏ సందర్భంలోనైనా సెల్ఫ్‌ను 10 సెకన్లకు మించి ఆపకుండా కొట్టకూడదు.

తోయడం విషయంలో జనోత్సాహాన్ని కొంత అదుపు చేయాలి. ఆటోమేటిక్ కారును ఎంతమంది తోసినా స్టార్ట్ కాదు. మాన్యువల్ కారు రెండో గేరులో అంటుకోవచ్చు గాని, బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉంటే పంపుకూ కంప్యూటరుకూ కరెంటే ఉండదు కాబట్టి చెమట తప్ప మరేమీ రాదు. వేరే కారు నుంచి కేబుళ్లతో కరెంటు తెచ్చుకునేటప్పుడు చివరి నల్ల క్లిప్పును చచ్చిన బ్యాటరీకి కాక ఇంజను లోహానికి తగిలించాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వకు అంటుకుంటుంది.

చాలా కార్లలో బ్యాటరీ టెర్మినల్ బిగించడానికి 10 నంబరు స్పానరు చాలు. దాన్ని ప్రతి యజమానీ కారులో ఉంచుకోవాలని మనవి. డిక్కీలో మాత్రం వద్దు, బ్యాటరీ చచ్చినప్పుడు కొన్ని కార్లలో డిక్కీ కూడా తెరుచుకోదు.