దేవతల ఐదు దినములు

నిజామాబాదు లోక్‌సభా సభ్యులు ధర్మపురి అర్వింద్ గారి నేపథ్యము సామాన్యమైనది కాదు, తండ్రి డి. శ్రీనివాస్ గారు తె.రా.స. సభ్యులుగా రాజ్యసభయందు ఆసీనులై యుండగా, కుమారులు భాజపా పక్షమున ఆ తె.రా.స. అధినేత కుమార్తెనే 2019లో ఓడించి లోక్‌సభకు విచ్చేసిరి. గెలిచిన ఐదు దినములలో పసుపు బోర్డు తెచ్చెదననియు, తేలేనిచో పదవిని త్యజించి రైతుల సరసన నిలిచెదననియు వారు ముద్రాపత్రముపై వ్రాసి యిచ్చిన వాగ్దానమును ఏర్గట్ల మొదలు ఆర్మూరు దాక పసుపు పండించు రైతులెవ్వరును మరువలేదు. బోర్డు ప్రకటన 2023 అక్టోబరు 4న వెలువడెను. మానవుల సంవత్సరము దేవతలకు ఒక్క దినమని పురాణములు చెప్పుచున్నవి గదా; ఆ లెక్కన వారు గడువుకు ముందే మాట నిలుపుకొన్నట్లు!

అదియు శాసనమువలన గాక వాణిజ్యశాఖ ప్రకటనవలన వెలసెను గావున, శాసనకర్తకు శాసనము చేయు శ్రమయు తప్పినది. పసుపునకు మద్దతు ధర మాత్రము ఇంకను దేవలోకముననే యున్నది.

ఇక ధనము మాట. 2019 ఎన్నికలలో అభ్యర్థి వ్యయమునకు పరిమితి 70 లక్షలు, పక్షముల వ్యయమునకు పరిమితియే లేదు. దాతల నామములను మరుగుపరచిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టివేసినది 2024 ఫిబ్రవరి 15న. అదే 2019లో బోర్డు కొరకు బరిలో దిగి, 185 మంది అభ్యర్థుల జాబితాను నింపిన రైతులు ధరావతు సొమ్ము కట్టి పోగొట్టుకొనిరి. ఆ సొమ్మునకు రసీదులున్నవి, దాతల పేర్లును ఉన్నవి.