కుడికాలి గేరు

నేను 1986లో మద్రాసు పక్కన తిరువొత్తియూరులో పుట్టిన 350 సీసీ బుల్లెట్‌ని. మా వంశం ఇంగ్లండులోని రెడ్డిచ్‌ది. 1950ల తొలినాళ్లలో మన సైన్యం సరిహద్దుల కోసం 800 బుల్లెట్లకు ఆర్డరిచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడ్డా మా పుట్టుక ఇక్కడ ఆగలేదు.

నన్ను కొన్నది దేవరకొండలో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు. చందంపేట దిక్కు తండాలకు మందులపెట్టె కట్టుకొని పోయేవాళ్లం. అప్పట్లో దారంటే మట్టి, పలుగురాళ్లు, గుట్టలు. సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ మీదికీ నడిచే దూరం 90. ఆ పొడుగు స్ట్రోకుకు తోడు బరువైన ఫ్లైవీలు. అందుకే ఎక్కుడు వచ్చినా, వెనక జ్వరంతో సోలిపోయిన మనిషి కూర్చున్నా, రొప్పకుండా ఎక్కేదాన్ని.

కానీ నన్ను లేపడం అందరి వల్లా అయ్యేది కాదు. డీకంప్రెషర్ లీవరు పట్టి, కిక్కు మెల్లగా తొక్కుతూ, అమ్మీటరు ముల్లు నడిమికి రాగానే లీవరు వదిలి ఒక్క తొక్కు తొక్కాలి. లెక్క తప్పితే కిక్కు ఎదురు తన్నేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. దూరం పోయి వస్తే డాక్టరు చేతులు తిమ్మిరెక్కేవి. నా అదురును మగతనమని పొగిడే వాళ్లను చాలామందిని చూశాను. ఆ చేతుల సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ పొగడ్త నాకెప్పుడూ నచ్చలేదు.

తర్వాత మా ఇంట్లో మార్పులు వరసగా వచ్చాయి. 1990లో ఐషర్ వాటా కొన్నది. 2002లో థండర్‌బర్డ్ ఐదు గేర్లతో వచ్చింది. 2008, 2009 నాటికి ఇంజినూ గేరుబాక్సూ ఒకే పెట్టెలో కలిశాయి. ట్యాపెట్ల సందు ఎప్పటికప్పుడు సరిచేసే పని హైడ్రాలిక్ ట్యాపెట్లతో తప్పింది. 2020 నవంబరులో మీటియర్ వచ్చింది. ఇంగ్లండులోనూ చెన్నైలోనూ ఉన్న ఇంజినీర్లు కలిసి చేసిన 349 సీసీ ఇంజిను దానిది.

ఆ ఇంజినులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది బ్యాలెన్సర్ షాఫ్టు. ఒక్కటే పిస్టన్ ఉన్న బండిలో ఆ బరువు మీదికి దూకినప్పుడల్లా బండంతా అదురుతుంది. క్రాంకు ఎంత వేగంతో తిరుగుతుందో అంతే వేగంతో, ఎదురు దిక్కుగా తిరిగే మరో బరువును పక్కన పెట్టారు. ఒకటి తోస్తుంటే రెండోది ఆపుతుంది. నా వాల్వులను ఆడించిన పుష్‌రాడ్లూ పోయాయి, క్యామ్ తలమీదికి ఎక్కింది. అయినా వెడల్పు 72, స్ట్రోకు 85.8. అంటే పొడుగు స్ట్రోకు పొడుగు స్ట్రోకుగానే ఉంది. 4,000 తిరుగుళ్ల దగ్గరే 27 న్యూటన్ మీటర్ల లాగుడు. మా ఇంటి గుణాన్ని వాళ్లు పారేయలేదు, దానితో వచ్చే బాధను తీసేశారు.

డాక్టరు మనవరాలు కొన్నది ఆ మీటియరే. ఒకరోజు నా మీద చెయ్యేసి అడిగింది: "తాతా, దీన్ని ఒక్కసారి నడపనా?"

"నడుపు బిడ్డా. గని బ్రేకనుకొని గేరు తొక్కేవు, పైలం."

మరోరోజు తన మీటియర్ మీద ఆమె తాతను వెనక కూర్చోబెట్టుకొని డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయి వచ్చింది. ఈగలపెంట దాటాక ఉన్న దిగుడు మలుపుల్లో ఏబీఎస్ చక్రాలను బిగుసుకోనివ్వలేదట. నా డ్రమ్ము బ్రేకులతో అదే దిగుడు దిగేటప్పుడు డాక్టరు గేరు తగ్గించి, ఇంజిను పట్టుతోనే దింపేవాడు.

నాకున్న బెంగ ఒకటే. తండా దారిలో నేను ఆగిపోతే పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, ప్లగ్గు తుడిచి చెట్టు కిందే లేపేవారు. నా చెల్లెలైన ఆ మీటియర్‌కు జబ్బు చేస్తే స్కానర్ పెట్టి చూడాలి. అది చిన్న ఊళ్లలో దొరకదు. నా చప్పుడు విని ఏ ట్యాపెట్టు వదులైందో చెప్పే మా మెకానిక్, తన కొడుకును ఇప్పుడు ఆ స్కానర్ పని నేర్చుకోవడానికి హైదరాబాదు పంపాడు.